కార్చిచ్చు మీద డ్రోన్: వీడియో సంగతి తరువాత, వినేవాళ్ళ సంగతి ముందు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసే నలుగురు మిత్రులు. ఒకరి సొంత ఊరు మార్కాపురం వైపు, నల్లమల అంచున. వచ్చే వేసవికి వేడిని చిత్రంగా చూపే థర్మల్ కెమెరా ఉన్న డ్రోన్ సమకూర్చుకుని, ముందు కర్ణాటకలోని బండీపుర్ పులుల అభయారణ్యంలో, ఆ తరువాత నల్లమలలో కార్చిచ్చు ఆర్పే సిబ్బందికి ప్రత్యక్ష వీడియో అందించాలని మీ ఆలోచన. ఏ డ్రోన్ కొనాలి, వీడియో ఏ సర్వర్ ద్వారా పంపాలి, అసలు దీనివల్ల ఉపయోగం ఉంటుందా అని అడిగారు. నేను బెంగళూరులో డ్రోన్ సర్వే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. కొన్ని వేసవుల్లో అటవీ సిబ్బంది పక్కన నిలబడి ఈ పనీ చేశాను. మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. దానికి జవాబు తేలితే మిగిలిన రెండూ చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి.

ఉపయోగం ఉంది. అయితే మంట దగ్గర నిలబడ్డ వాచర్‌ను, అంటే అడవి కాపలా మనిషిని, ఒకసారి ఊహించుకోండి. చేతిలో పచ్చి కొమ్మ, లేదంటే వీపున ఎండుటాకులను ఊదే బ్లోయర్. నడుముకు వాకీటాకీ. కళ్ళ నిండా పొగ. అతని దగ్గర తెర లేదు, ఉన్నా చూసే తీరిక లేదు. మీరు ఎంత స్పష్టమైన వీడియో పంపినా అతనికి చేరేది చెవిన పడే మాట ఒక్కటే. కాబట్టి వీడియోను చూసి, దాన్ని అతనికి అర్థమయ్యే రెండు వాక్యాలుగా మార్చి, వైర్‌లెస్ సెట్‌లో చెప్పే మనిషి ఎవరన్నది మీరు మొదట తేల్చుకోవాలి. ఆ మనిషి మీలో ఒకరు కాలేరు. ఆ రేంజ్‌లో, అంటే ఆ రేంజ్ ఆఫీసర్ పరిధిలోని అడవిలో, పదేళ్ళు తిరిగిన ఫారెస్టరో, పాత వాచరో కావాలి.

ఎందుకంటే అడవిలో ఎవరూ అక్షాంశ రేఖాంశాలతో మాట్లాడరు. "ఫలానా కెరె గట్టు కింద వాగు దాటింది, రెండో ఫైర్ లైన్ వైపు పాకుతోంది, మీరు దక్షిణం వైపు నుంచి వెళ్ళండి" అంటే అందరికీ చప్పున అర్థమవుతుంది (కెరె అంటే చెరువు, ఫైర్ లైన్ అంటే మంట దాటకుండా ఎండుటాకులు తీసేసిన ఖాళీ బాట). అదే మాటను దశాంశ స్థానాలతో సంఖ్యలుగా చదివితే, అవతలివాళ్ళు "సరే సార్" అని తాము వెళ్ళాలనుకున్న దారినే వెళతారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. పైలట్ పక్కన రెండో తెర, ఆ తెర ముందు అడవి తెలిసిన మనిషి, అతని చేతిలో అటవీ శాఖ వైర్‌లెస్ సెట్: ఈ మూడూ కుదిరితే సగం పని అయినట్టే. పైలట్ ఆ సెట్ ముట్టుకోకూడదు. డ్రోన్ నడుపుతూ మాట్లాడేవాడు రెండు పనులూ చెడగొడతాడు.

ఉపగ్రహాలు ఉండగా డ్రోన్ దేనికని అటవీ అధికారులే అడుగుతారు, జవాబు సిద్ధంగా ఉంచుకోండి. దెహ్రాదూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా, మోడిస్, వీఐఐఆర్‌ఎస్ అనే ఉపగ్రహ పరికరాల సమాచారం ఆధారంగా మంటల హెచ్చరికలను ఫోన్లకు సందేశాలుగా పంపుతోంది. మోడిస్‌లో ఒక చుక్క అంటే నేల మీద కిలోమీటరు, వీఐఐఆర్‌ఎస్‌లో 375 మీటర్లు. ఏ బీట్‌లో, అంటే ఏ గార్డు పరిధిలో, మంట ఉందో తెలుసుకోవడానికి అది చాలు. కానీ ఆ గడిలో మంట ఏ అంచున ఉంది, ఎటు కదులుతోంది అన్నది అందులో తెలియదు. పైగా ఉపగ్రహం మళ్ళీ అటు వచ్చేదాకా గంటల తరబడి ఆగాలి. మన ఆకురాల్చు అడవుల్లో మంట ఎక్కువగా నేల మీది ఎండుటాకుల్లో మోకాలి ఎత్తున పాకుతుంది. వాలు దొరికితే పరుగు అందుకుంటుంది. వాలు ప్రతి పది డిగ్రీలు పెరిగేకొద్దీ వేగం దాదాపు రెట్టింపవుతుందని అగ్నిమాపక శిక్షణలో చెప్పే లెక్క. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్ళిన బృందాలు మంటల్లో చిక్కుకుని 20 మందికి పైగా చనిపోయారు. చెన్నై నుంచి వెళ్ళినవాళ్ళు వారిలో ఉన్నారు. మంట ఏ వాలు ఎక్కబోతోందో పది నిమిషాల ముందు చెప్పగలగడం ఉపగ్రహం చేతిలో లేదు, కింద నిలబడ్డ మనిషి కంటికీ ఆనదు. డ్రోన్‌కు చోటు అక్కడే.

మీకు బండీపుర్ గుర్తుకు రావడం సహజమే. 2019 ఫిబ్రవరి చివర్లో అక్కడ 10,000 ఎకరాలకు పైగా కాలిపోయింది. గోపాలస్వామి బెట్ట చుట్టూ కొండలు నల్లబడ్డాయి. చివరికి వైమానిక దళం ఎంఐ-17 హెలికాప్టర్లు బాంబీ బకెట్లతో, అంటే కింద వేలాడే పెద్ద నీటి తొట్లతో, నీళ్ళు మోయాల్సి వచ్చింది. సరిగ్గా అదే వారం, ఫిబ్రవరి 23న, ఏరో ఇండియా ప్రదర్శన జరుగుతున్న యలహంకలో పార్కింగ్ మైదానంలోని ఎండుగడ్డి అంటుకుని దాదాపు 300 కార్లు బూడిదయ్యాయి. దేశంలో ఉన్న ఎగిరే యంత్రాలన్నీ కొలువుదీరిన చోట గడ్డి మంట అంత పని చేసింది! ఎండుగడ్డి, గాలి కలిస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి నేను కొత్తవాళ్ళకు బండీపుర్ కన్నా ముందు ఆ మైదానాన్నే గుర్తుచేస్తాను.

ఇక కెమెరా. పొగ వెనుక ఏముందో మామూలు కెమెరాకు కనిపించదు. థర్మల్ కెమెరా 8 నుంచి 14 మైక్రాన్ల తరంగదైర్ఘ్యంలో చూస్తుంది. పొగలోని రేణువులు చాలావరకు అంతకన్నా చిన్నవి కాబట్టి పొగ దానికి పెద్ద అడ్డు కాదు. ఆకు మాత్రం అడ్డే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో టేకు, మద్ది చెట్లు ఆకు రాల్చేసి ఉంటాయి కనుక నేల బాగానే కనిపిస్తుంది. మంటకు మేత అయ్యేదీ ఆ రాలిన ఆకులే. వెదురు పొదల కిందా, దట్టమైన లాంటానా అనే కలుపు పొదల కిందా ఏముందో థర్మల్ కూడా చెప్పలేదు. బండీపుర్‌లో లాంటానా చాలా ఎక్కువ. అది అంటుకుంటే మంట మోకాలి ఎత్తున ఆగదు, చెట్ల కొమ్మల దాకా లేస్తుంది. తెర మీద లాంటానా ప్రాంతం చల్లగా కనిపించిందని లోపలికి మనుషులను పంపకండి.

640×512 పిక్సెళ్ళ థర్మల్ సెన్సర్ ఈ పనికి చాలు, అంతకన్నా తక్కువైతే ఇబ్బంది. మామూలుగా దొరికే 13 మిల్లీమీటర్ల లెన్స్‌తో 120 మీటర్ల ఎత్తు నుంచి ఒక్కో పిక్సెల్ నేల మీద సుమారు 11 సెంటీమీటర్లు పడుతుంది. అంటే మనిషి నాలుగైదు చుక్కలు, కాలుతున్న మొద్దు రెండు మూడు చుక్కలు. ఒక్క చిత్రంలో పట్టేది దాదాపు 70 మీటర్ల వెడల్పు. అడవి మొత్తం ఒకే తెర మీద చూడవచ్చన్న ఆశ ఉంటే ఇప్పుడే వదులుకోండి.

కొత్తవాళ్ళను మోసం చేసే సంగతి ఒకటుంది. థర్మల్ కెమెరా చిత్రంలోని అత్యంత వేడి చోటును తెల్లగా, అత్యంత చల్లని చోటును నల్లగా తనంతట తాను సర్దుకుంటుంది. 500 డిగ్రీల జ్వాల చిత్రంలోకి రాగానే మిగిలినదంతా ఒకే నలుపులో కలిసిపోతుంది. అప్పటిదాకా కనిపిస్తున్న మనుషులు మాయమవుతారు! వాళ్ళు అక్కడే ఉన్నారు. తెర మీద లేరు, అంతే. ఉష్ణోగ్రత పరిధిని చేత్తో బిగించి ఉంచడం ముందే నేర్చుకోండి. మనుషులను వెతికేటప్పుడు ఒక పరిధి, మంట అంచు గీసేటప్పుడు ఇంకొకటి. ఈ మార్పు మూడు సెకన్లలో చేయలేని పైలట్‌ను నేనైతే మంట మీదికి పంపను.

మధ్యాహ్నం రెండు గంటలకు బండలన్నీ 50 డిగ్రీలు దాటి కాగుతూ ఉంటాయి. తెర మీద కొండంతా మంటలే అనిపిస్తుంది. అందుకే ఆరిన మంటలో మిగిలిన నిప్పును వెతికే పనికి తెల్లవారుజాము మంచిది. బండలు రాత్రంతా చల్లారి ఉంటాయి, గాలి నిలకడగా ఉంటుంది. నేల అంతా ముదురు బూడిద రంగులో ఉండగా అక్కడక్కడ తెల్లటి చుక్కలు తేలతాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే అది పడిపోయిన మానో, తొర్రపడ్డ మోడో అయి ఉంటుంది. బయట బెరడు మీద చేయి పెట్టినా వేడి తెలియదు. లోపల తొర్ర నిండా నిప్పు, పై కంతలోంచి సన్నటి పొగ. మధ్యాహ్నం గాలి లేవగానే అలాంటి మోడు ఒక్కటి చాలు, ఆర్పిన ఫైర్ లైన్ అవతలికి నిప్పురవ్వలు చల్లడానికి. ఆ చుక్కలను లెక్కపెట్టి, ఒక్కొక్కదాని దగ్గరికి నీళ్ళ డబ్బాతో, పారతో మనిషిని నడిపించడమే నా దృష్టిలో డ్రోన్ చేసే అత్యంత విలువైన పని. దీనికి ప్రత్యక్ష ప్రసారం అవసరం లేదు, సర్వర్ అవసరం లేదు. చూడ్డానికి గొప్పగా కూడా ఉండదు, అందుకే దీని గురించి ఎవరూ వీడియోలు పెట్టరు. కదులుతున్న చుక్కలు కనిపిస్తే అవి జింకలో, ఏనుగులో. ఏనుగులు డ్రోన్ చప్పుడుకు బెదురుతాయి. వాటిని మనుషులున్న వైపు తరిమినవాళ్ళం కాకుండా ఎత్తు పెంచి పక్కకు తప్పుకోవాలి.

చుక్క ఎక్కడుందో చెప్పడంలో ఒక చిక్కు ఉంది. కెమెరా తిన్నగా కిందికి చూస్తున్నప్పుడు డ్రోన్ ఎక్కడుంటే మంట అక్కడే. దూరంగా ఏటవాలుగా చూస్తున్నప్పుడు లెక్క తప్పుతుంది. 120 మీటర్ల ఎత్తులో కెమెరాను క్షితిజానికి 45 డిగ్రీలు కిందికి వంచితే, మీరు చూస్తున్న చోటు 120 మీటర్ల దూరంలో ఉంటుంది. కోణంలో ఒక డిగ్రీ తేడా వచ్చినా నాలుగు మీటర్లే పొరపాటు. అదే 10 డిగ్రీలు మాత్రమే వంచితే చోటు 680 మీటర్ల దూరంలో ఉంటుంది, ఒక డిగ్రీ తేడాకు దాదాపు 77 మీటర్లు పోతుంది. ఇదంతా నేల చదునుగా ఉంటేనే. కొండ వాలు మీద ఆ 77 మీటర్లు అంటే వాగుకు ఇవతల, అవతల అన్నంత తేడా. లేజర్ దూరమాపకం ఉన్న కెమెరాకు డబ్బు పెట్టగలిగితే పెట్టండి. లేదంటే మంట నెత్తి మీదికి కాకుండా గాలి వచ్చే వైపు నుంచి, కెమెరాను బాగా వంచి చూడండి.

ఇప్పుడు మీరు అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించిన విషయం, వీడియో పంపడం. మీ ప్రశ్నలో సగం సర్వర్ గురించే ఉంది కనుక నిరుత్సాహపడకండి: బండీపుర్ లోపల చాలాచోట్ల ఫోనుకు సిగ్నల్ ఉండదు, నల్లమల సంగతి చెప్పనే అక్కరలేదు. ఉన్నచోట కూడా మీకు కావలసింది అప్‌లోడ్ వేగం. మామూలు 720 పిక్సెళ్ళ వీడియోకు సెకనుకు 1.5 నుంచి 2 మెగాబిట్లు కావాలి. థర్మల్ చిత్రానికి అందులో సగం కూడా అక్కరలేదు. థర్మల్‌ను పంపండి, రంగుల వీడియోను కార్డులోనే ఉంచుకోండి. వీడియోను చిన్న ముక్కలుగా చేసి పంపే హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతిలో పంపితే అవతల 20 సెకన్లు ఆలస్యంగా కనిపించవచ్చు. డివిజన్ అటవీ అధికారి (డీఎఫ్‌ఓ) కార్యాలయంలో పటం మీద గీత గీసుకునేవాళ్ళకు అది పరవాలేదు. మనుషులను నడిపించడానికి పనికిరాదు. దానికి ఆలస్యం తక్కువగా ఉండే వెబ్‌ఆర్‌టీసీ పద్ధతో, ఎస్‌ఆర్‌టీ పద్ధతో వాడి రెండు సెకన్ల లోపు ఉంచాలి. రెండు మూడు సంస్థల సిమ్‌లు కలిపి వాడే రౌటర్ కొంత ఆదుకుంటుంది. నా మాట వింటే, సిగ్నల్ అసలు లేదనుకునే మొత్తం ఏర్పాటు చేసుకోండి. డ్రోన్ నుంచి మీ తెరకు, తెర నుంచి పక్కనున్న ఫారెస్టర్‌కు, అతని నుంచి వైర్‌లెస్‌లో అందరికీ. సిగ్నల్ దొరికిన చోట పది సెకన్లకొక నిశ్చల చిత్రం పై అధికారులకు వెళ్ళినా చాలు.

పై అధికారులకు ప్రత్యక్ష వీడియో అందడంలో ఒక ప్రమాదం కూడా ఉంది, ఎవరూ చెప్పరు కనుక నేను చెబుతున్నాను. జిల్లా కేంద్రంలో తెర ముందు కూర్చున్న పెద్దలకు అకస్మాత్తుగా ఆదేశాలివ్వాలనిపిస్తుంది. "ఆ మూలకు పొమ్మను", "కెమెరా ఇటు తిప్పమను" అని ఫోన్లు మొదలవుతాయి. మంట దగ్గరున్న రేంజ్ ఆఫీసర్ మాటే చివరి మాట అని ముందు రోజే తేల్చుకోకపోతే, మీ వీడియో సాయం కాస్తా తలనొప్పి అవుతుంది.

విదేశాల్లో ఇది కొత్త కాదు. 2007 అక్టోబరులో దక్షిణ కాలిఫోర్నియా మంటల మీద నాసా తన ఇఖానా అనే మానవరహిత విమానాన్ని తిప్పి, థర్మల్ చిత్రాలను ఉపగ్రహం ద్వారా అగ్నిమాపక దళాలకు చేర్చింది. 2013లో యోసెమిటీ దగ్గరి రిమ్ ఫైర్ మీద కాలిఫోర్నియా నేషనల్ గార్డ్ ప్రిడేటర్ విమానం ప్రత్యక్ష వీడియో ఇచ్చింది. అవి చూసి మనమూ అంతే చేద్దామనుకోవద్దు; వాటి వెనుక చిత్రం చదివి చెప్పే ప్రత్యేక సిబ్బంది ఉన్నారు. అక్కడి నుంచి మనం తప్పకుండా నేర్చుకోవలసింది ఇంకొకటి. 2025 జనవరి 9న లాస్ ఏంజెలెస్ పాలిసేడ్స్ మంటల మీద నీళ్ళు చల్లుతున్న క్యూబెక్ విమానాన్ని ఒక వ్యక్తి సరదాగా ఎగరవేసిన చిన్న డ్రోన్ ఢీకొట్టింది. అతను ఒక పార్కింగ్ భవనం పైనుంచి ఎగరవేశాడు, డ్రోన్ కంటికి ఆనకుండా పోయింది. రెక్కకు చిల్లు పడి ఆ విమానం కొన్ని రోజులు నేల మీదే ఉండిపోయింది. మన దగ్గరా పెద్ద మంటలకు హెలికాప్టర్లు వస్తాయి. 2014 మార్చిలో తిరుమల శేషాచలం అడవులకు వచ్చాయి, 2019లో బండీపుర్‌కు వచ్చాయి. నీళ్ళు నింపుకునేటప్పుడూ చల్లేటప్పుడూ అవి మీ డ్రోన్ ఎగిరే ఎత్తులోనే ఉంటాయి. హెలికాప్టర్ వస్తోందన్న మాట వినపడగానే డ్రోన్ నేల మీద ఉండాలి. ఇందులో బేరాలు లేవు.

ఆ మాటకొస్తే, డ్రోన్‌తో నీళ్ళు చల్లి ఆర్పవచ్చా అని మీ మిత్రుడు అడిగాడన్నారు. వ్యవసాయ డ్రోన్ మోసేది పది లీటర్ల చిల్లర. ఎంఐ-17 బకెట్‌లో 3,500 లీటర్ల దాకా పడతాయి, అదీ చాలని మంటలున్నాయి.

అనుమతుల విషయం. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో, అంటే ఎగరవేయడానికి ముందస్తు అనుమతి అక్కరలేని ప్రాంతంలో, 400 అడుగుల దాకా ఎగరవేయవచ్చు. డ్రోన్‌కు నమోదు సంఖ్య, మీరు వాడబోయే బరువుకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. కంటిచూపు దాటి ఎగరవేయడానికి విడిగా అనుమతి కావాలి. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధంలో ఉంది, కాబట్టి ఎవరో బంధువు సింగపూర్ నుంచి తెస్తాడన్న ఆలోచన మానండి. గ్రీన్ జోన్ అయినంత మాత్రాన పులుల అభయారణ్యంలో ఎగరవేసే హక్కు రాదు. అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా బండీపుర్ గేటు దగ్గర డ్రోన్ పెట్టె తెరిస్తే, మీరు మంట ఆర్పడానికి వచ్చారంటే ఎవరూ నమ్మరు.

బెంగళూరులో సాధన ఎక్కడ చేయాలన్నది కూడా చిక్కే. మీ ఇంటికి దగ్గరలో మంటలకు పేరుపడ్డ చోటు బెళ్ళందూరు చెరువు. 2018 జనవరిలో అక్కడి ఎండుగడ్డి మంటను ఆర్పడానికి వేల మంది సైనికులు దిగారు. కానీ అది హెచ్‌ఏఎల్ విమానాశ్రయం పక్కనే, అక్కడ డ్రోన్ ఊసే ఎత్తకండి. ఉత్తరాన విమానాలు దిగే యలహంక, జక్కూరు, దేవనహళ్ళి కూడా అంతే. ఎక్కడ ఎగరవేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటం చూసుకుని, ఊరి బయట తెలిసినవాళ్ళ తోటలో సాధన చేయండి. రాత్రి నిప్పుకుండలు నాలుగైదు చోట్ల పెట్టి, వాటిలో ఒకటి మామిడి చెట్టు కింద, ఒకటి ఎండిన బావి గట్టున ఉంచి, తెల్లవారుజామున డ్రోన్‌తో వెతకండి. నలుగురిలో ఒకరు తెర చూసి మాటల్లో చెప్పాలి, ఇంకొకరు తెర చూడకుండా ఆ మాటలతోనే నిప్పు దగ్గరికి నడవాలి. మొదట్లో ఎంత గందరగోళంగా ఉంటుందో మీకే తెలుస్తుంది.

బ్యాటరీ మీద రాసిన 40 నిమిషాలను నమ్మకండి. వేడిలో, గాలిలో, తిరిగి వచ్చేందుకు మిగుల్చుకుంటే 20, 25 నిమిషాలు లెక్క. వేడిగా దిగిన బ్యాటరీని వెంటనే ఛార్జింగ్‌కు పెట్టకూడదు కాబట్టి ఆరు సెట్లు, ఒక చిన్న జనరేటర్ ఉండాలి. డ్రోన్ కంపెనీ పేరు కన్నా ఈ బ్యాటరీల సంఖ్యే మీ పనిని నిర్ణయిస్తుంది. ఇక బండీపుర్ మీదుగా పోయే జాతీయ రహదారుల మీద 2009 నుంచి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు నిషేధం. తెల్లవారుజామున ఎగరవేయాలంటే ముందు రోజు సాయంత్రానికే సిబ్బందితో పాటు లోపల ఉండే ఏర్పాటు చేసుకోవాలి. బెంగళూరులో అర్ధరాత్రి బయలుదేరి వెళదామనుకుంటే గేటు దగ్గరే తెల్లారిపోతుంది.

మీ పరిస్థితిలో నేనైతే బండీపుర్ కన్నా నల్లమలతోనే మొదలుపెడతాను. భాష మీది, మీలో ఒకరికి ఊరు తెలుసు, తునికాకుకూ ఇప్పపువ్వుకూ వెళ్ళేవాళ్ళు ఏ నెలలో ఎటు తిరుగుతారో ఆ ఇంటివాళ్ళే చెప్పగలరు. డిసెంబరులో, ఫైర్ లైన్లు శుభ్రం చేసే రోజుల్లో రేంజ్ ఆఫీసర్‌ను కలవండి. డ్రోన్ తీసుకువెళ్ళకండి. గత రెండు మూడేళ్ళలో ఎక్కడెక్కడ మంటలు వచ్చాయో పటం అడగండి, అడవి లోపల సిబ్బంది ఉండే బేస్ క్యాంపుల వైర్‌లెస్ ఏ కొండ వెనుక వినపడదో అడగండి, వాకీటాకీలో సిబ్బంది వాడే చోట్ల పేర్లన్నీ రాసుకోండి. ఆ పేర్లను పటం మీద గుర్తించి, మీ తెర మీద కనిపించేలా చేయండి; సాఫ్ట్‌వేర్ వాళ్ళుగా మీరు చేయగలిగిన అసలు పని అది. అనుమతి దరఖాస్తులో ఏమేం రాయాలో తెలియకపోతే అడగండి, నా దగ్గరున్న నమూనా పంపుతాను.